కాపుదల, కలహం: కుప్పం అడవి అంచు నుంచి నాలుగు తెలుగు రచనల పఠనం

ప్రవేశిక

అడవి నేపథ్యంగా వచ్చిన తెలుగు రచనలను గురించి రాసేటప్పుడు విమర్శకులకు సిద్ధంగా దొరికే పదబంధం ఒకటుంది: మనిషికీ ప్రకృతికీ మధ్య సంఘర్షణ. పరిశోధన గ్రంథాల్లో, సదస్సు పత్రాల్లో, పీఠికల్లో ఈ మాట ఎంతగా స్థిరపడిందంటే, దాన్ని పరీక్షించవలసిన అవసరం ఉందని కూడా అనిపించదు. అటవీ శాఖ పరిభాషలోని ‘మానవ–వన్యప్రాణి సంఘర్షణ’ దీనికి తోబుట్టువు. రెండు మాటలూ ఒకే పని చేస్తాయి. ఒక వైపు మనుషులందరినీ ఒక్క ముద్దగా చేసి ‘మనిషి’ అని పేరు పెడతాయి. మరొక వైపు చెట్టును, పులిని, పందిని, వానను కలిపి ‘ప్రకృతి’ అని పేరు పెడతాయి. ఆ తరువాత జరిగే కథలో పొలం యజమాని, కూలి, పశువుల కాపరి, అటవీ శాఖ గార్డు, నష్టపరిహారం లెక్కగట్టే ఉద్యోగి, సరిహద్దుకు అవతలి రాష్ట్రపు రైతు ఒకే పక్షంలో నిలబడి ఉన్నట్టు కనిపిస్తారు. వాస్తవంలో వీరిలో ఏ ఇద్దరూ ఒకే పక్షంలో లేరు.

ఈ వ్యాసంలో నా ప్రతిపాదన ఇది. అడవి గురించిన మన ప్రధాన రచనల్లో అసలు తగవు మనిషికీ మృగానికీ మధ్య కాదు. ఒకే చోటును కాపాడుతున్నామని నమ్మే ఇద్దరు కాపరుల మధ్య. తెలుగు భాషే ఈ సంగతిని దాచకుండా చెబుతుంది. ‘కాచు’ అనే ధాతువు నుంచి వచ్చిన మాటలు చూడండి: పొలానికి కావలి, మందకు కాపరి, అడవికి కాపలాదారు, సేద్యం చేసేవాడు కాపు. అడవి అంచున ఎదురెదురుగా నిలబడే వారందరి పేర్లూ ఒకే క్రియ నుంచి పుట్టాయి. ఎవరి దృష్టిలో వారు రక్షకులే. దొంగ ఎప్పుడూ అవతలివాడే.

ఈ ప్రతిపాదనను నాలుగు రచనల ఆధారంగా పరిశీలిస్తాను. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగం, ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం, కేశవరెడ్డి నవల ‘అతడు అడవిని జయించాడు’, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల ‘కొండపొలం’. వీటిలో ధూర్జటి కావ్యానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను. నా అభిప్రాయంలో ఈ విషయం మీద తెలుగులో వచ్చిన అత్యంత లోతైన ఆలోచన అక్కడే ఉంది, మనం దాన్ని భక్తి అనే పెట్టెలో పెట్టి మూసివేశాం. ఈ నాలుగు రచనలనూ కుప్పం ప్రాంతపు అనుభవం పక్కన పెట్టి చదవడానికి కారణం కూడా చెప్పాలి. సిద్ధాంతం నుంచి రచనకు రావడం మనకు అలవాటు. ఒక ఊరి తగవు నుంచి రచనకు వచ్చినప్పుడు అదే పద్యం వేరే ప్రశ్నకు జవాబు చెబుతుంది.

కౌండిన్య అడవి

కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. పడమర కర్ణాటక, దక్షిణాన, తూర్పున తమిళనాడు. పాలారు, దాని ఉపనదులైన కౌండిన్య, కైగల్ ఏర్ల పరీవాహక ప్రాంతంలో, కుప్పం నుంచి పలమనేరు వైపు సాగిన ఎండుటాకుల అడవిని 1990లో కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం సుమారు 357 చదరపు కిలోమీటర్లు. 2003లో ఈ ప్రాంతాన్ని కలుపుకొని రాయల ఏనుగుల రిజర్వు ఏర్పడింది. ఈ ప్రకటనలకు కారణమైన ఏనుగులు 1980ల తొలి సంవత్సరాల్లో తమిళనాడు, కర్ణాటక సరిహద్దు అడవుల నుంచి ఇక్కడికి వచ్చాయి. అంతకుముందు దాదాపు రెండు శతాబ్దాల పాటు ఈ నేల మీద అడవి ఏనుగు లేదని చెబుతారు.

ఈ చివరి వాక్యం సాహిత్య విద్యార్థికి ముఖ్యమైనది. అడవిపందిని ఎలా కాయాలో, ఎలుగుబంటి ఏ వేళ నీటికి వస్తుందో, మంచె ఏ దిక్కుకు కట్టాలో ఇక్కడి రైతుకు తాతల నుంచి వచ్చిన తెలివి ఉంది. ఏనుగు విషయంలో ఆ వారసత్వం తెగిపోయింది. ఏనుగు గుడిలో ఉంది, కాణిపాకం వినాయకుడి ముఖంలో ఉంది, గజేంద్రమోక్షం పద్యాల్లో ఉంది. పోతన ఏనుగు మహా అరణ్యంలో పుట్టింది, సరస్సులోకి దిగింది, మొసలికి చిక్కింది, దేవుణ్ణి పిలిచింది. ఆ కథలో చెరకు తోట లేదు, రాగి చేను లేదు, అప్పు చేసి పెట్టిన టమాటా లేదు. పొలం లేని ఏనుగును మాత్రమే ఎరిగిన సమాజం మీదికి, ఒక రాత్రి, పొలంలో నిలబడిన ఏనుగు వచ్చింది.

ఆ తరువాతి నలభై ఏళ్ళ చరిత్రను మనిషికీ ఏనుగుకూ జరిగిన యుద్ధంగా రాయడం సులువు. దగ్గరగా చూస్తే కనబడేది వేరు. అటవీ శాఖ కందకాలు తవ్వించింది. రాతి నేల ఉన్నచోట కందకం ఆగిపోతుంది, ఏనుగు అక్కడి నుంచే వస్తుంది. సౌర విద్యుత్ కంచెలు వేసింది. వాటిని చూసుకునే బాధ్యత శాఖదా రైతుదా అన్నది తేలదు. పంట పోయిన రైతు దరఖాస్తు పెట్టుకుంటాడు. విరిగిన మామిడి కొమ్మ విలువ ఎంతో అతనూ ఉద్యోగీ వేర్వేరుగా లెక్కిస్తారు. విసిగిన ఎవరో తీగకు నేరుగా కరెంటు ఇస్తారు, ఏనుగు చనిపోతుంది, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మొదటి షెడ్యూలులోని జంతువును చంపినందుకు కేసు నమోదవుతుంది. ఒక ఊరివాళ్ళు డప్పులతో, టపాకాయలతో తరిమితే మంద పక్క ఊరి మీద పడుతుంది. ఒక రాష్ట్రం సిబ్బంది తరిమితే పక్క రాష్ట్రానికి పోతుంది. 2023 జూన్‌లో పలమనేరు దగ్గర జాతీయ రహదారి దాటుతున్న మూడు ఏనుగులు వాహనం ఢీకొని చనిపోయాయి. అక్కడ తగవు రైతుతో కూడా కాదు, దారితో. ఇన్నిటిలోనూ ఏనుగు తన దారిన తాను పోతూనే ఉంది. వాదన మనుషుల మధ్య జరుగుతోంది.

రాజు దృష్టిలో అడవి

ఆముక్తమాల్యద నాలుగవ ఆశ్వాసంలో యామునాచార్యుడు రాజ్యం వదిలి వెళ్ళబోతూ కుమారుడికి చెప్పిన రాజనీతిలో అడవిని గురించిన పద్యాలు కొన్ని ఉన్నాయి. వాటి సారాంశం అందరికీ తెలిసిందే. సరిహద్దు దుర్గాల దగ్గర అడవిని దట్టంగా పెంచాలి, రాజ్యం నడుమ ఉన్న అడవిని దొంగల బెడద లేకుండా కొట్టించాలి. అంటే అడవికి తనదంటూ ఒక విలువ లేదు. అది ఎక్కడ ఉందన్నదే దాని విలువ. అంచున ఉంటే కోట, నడుమ ఉంటే దొంగల గుహ. ఏనుగు కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. రేవు పట్టణాలను బాగుచేసి గుర్రాలతో పాటు తెప్పించుకోవలసిన సరుకుల్లో అదీ ఒకటి.

ఇంతవరకు ఇది ఏ రాజైనా చెప్పే మాటే. అయితే అడవిలో ఉండే జనం విషయానికి వచ్చేసరికి రాయల స్వరం మారుతుంది. వారిని పూర్తిగా తుడిచివేయాలనుకోవడం మట్టిగోడను కడిగి శుభ్రం చేయాలనుకోవడం లాంటిదని, కడిగినకొద్దీ బురదే వస్తుందని ఆయన గుర్తిస్తాడు. కోపంతో సాధించలేనిది నమ్మికతో, చిన్న ఆదరణతో సాధ్యమని చెబుతాడు. ఇది దయ కాదు, అనుభవజ్ఞుడైన పాలకుడి లెక్క. మట్టిగోడ ఉపమానం ఆ లెక్కను మించిన ఒక సత్యాన్ని బయటపెడుతుంది. గోడకూ మురికికీ తేడా లేదు. రెండూ ఒకే మట్టి. అడవినీ అందులోని మనిషినీ విడదీసి ఒకదాన్ని ఉంచుకొని రెండోదాన్ని కడిగివేయడం కుదరదు.

1882 మద్రాసు అటవీ చట్టం ఆ పనే చేయబోయింది. రిజర్వు గీత గీసి లోపలి మనిషినీ అంచున ఉన్న మనిషినీ బయట నిలబెట్టింది. మేపుకు పుల్లరి వసూలు చేసింది. 1921–22లో పల్నాడులో పుల్లరి సత్యాగ్రహం జరిగింది. దానికి నాయకత్వం వహించిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకి కాల్పుల్లో మరణించాడు. రాయలు వద్దన్న గోడ కడగడాన్ని వలస ప్రభుత్వం చట్టంగా చేసింది. స్వతంత్ర భారతంలో 1988 జాతీయ అటవీ విధానం, 1992లో మన రాష్ట్రంలో మొదలైన ఉమ్మడి అటవీ యాజమాన్యం, వన సంరక్షణ సమితులు ఆ తప్పును దిద్దడానికి చేసిన ప్రయత్నాలు. వాటి జయాపజయాలు ఈ వ్యాసం పరిధిలోనివి కావు. సాహిత్యపరంగా గమనించవలసింది ఒక్కటే: రాజనీతి పద్యాల్లో అడవి మనిషికి నోరు లేదు. రాజు అతని గురించి ఆలోచిస్తాడు, జాగ్రత్తగానే ఆలోచిస్తాడు, కానీ అతనితో మాట్లాడడు. ఆ మాట వినాలంటే అదే శతాబ్దపు మరొక కావ్యానికి పోవాలి.

ధూర్జటి: ఇద్దరు కాపరులు, ఒక్క చోటు

శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం సువర్ణముఖీ తీరపు కావ్యం. కుప్పం ఉన్న పాత చిత్తూరు జిల్లాలోనిదే ఆ క్షేత్రం. పేరులోనే సాలెపురుగు, పాము, ఏనుగు ఉన్నాయి. పాము, ఏనుగు కథను మనమంతా చిన్నప్పుడే విన్నాం కనుక మళ్ళీ చదవం. ఒకసారి చదవాలి.

పాము మణులు తెచ్చి లింగాన్ని అర్చిస్తుంది. అది వెళ్ళిన తరువాత ఏనుగు వస్తుంది. లింగం మీద ఉన్న రాళ్ళు దానికి చెత్తగా కనిపిస్తాయి. వాటిని తోసివేసి, తొండంతో నీళ్ళు పోసి, ఆకులూ పువ్వులూ పెట్టి వెళుతుంది. మళ్ళీ వచ్చిన పాముకు తన మణులు నేల మీద కనిపిస్తాయి. లింగం మీద ఆకులు, తడి. అపచారం చేసినవాడెవడో తెలుసుకోవాలని ఆకుల మధ్య దాగుతుంది. ఏనుగు రాగానే తొండంలోకి దూరుతుంది. బాధ భరించలేక ఏనుగు తలను రాతికి కొట్టుకుంటుంది. రెండూ చనిపోతాయి. శివుడు రెంటికీ మోక్షమిస్తాడు.

ఈ కథలో దుర్మార్గుడు లేడు. ఇది దాని మొదటి విశేషం. రెండవది ఇంకా ముఖ్యం: ఒకరు చేసిన సేవ మరొకరి కంటికి చెత్తగా కనబడడం. పాము మణులు పెట్టిందని ఏనుగుకు తెలియదు. పూజకు సాక్ష్యంగా మిగిలిన రాళ్ళే తెలుసు. ఏనుగు అభిషేకం చేసిందని పాముకు తెలియదు. తన పూజ చెదిరిపోయిందన్నదే తెలుసు. ఇద్దరూ ఒకే చోటికి వేర్వేరు వేళల్లో వస్తారు, ఒకరినొకరు చూసుకోరు. అవతలివాడి ఉనికి గుర్తుల రూపంలోనే అందుతుంది, ఆ గుర్తులను చదివే లిపి ఎవరి దగ్గరా లేదు. చూపు కలిసిన క్షణానికే పగ ముదిరిపోయింది.

అడవి అంచున జరిగేది ఇదే. పశువుల కాపరి మేత బాగా మొలవాలని ఎండాకాలంలో గడ్డికి నిప్పు పెడతాడు; గార్డుకు అది అడవిని తగలబెట్టడం. అటవీ శాఖ కందకం తవ్వుతుంది. పశువును అడవికి తోలుకుపోయే ఆడమనిషికి అది దారిని తెంచడం. రైతు కాపలాకు మంట వేస్తాడు. ట్రాకరుకు అది మందను చెదరగొట్టి పని పాడుచేయడం. ప్రతి పనీ చేసినవారికి సేవ, చూసినవారికి అపచారం. రాత్రి వచ్చినవాడు పగలు వచ్చినవాణ్ణి చూడడు. తెల్లారి అధికారి వచ్చి నష్టం చూస్తాడు. నష్టమంటే అతనికి విరిగిన కొమ్మలు, తొక్కిన మడులు. రాత్రంతా జరిగిన కాపలా అతని కంటికి అందదు, దరఖాస్తులో దానికి గడి కూడా ఉండదు.

ధూర్జటి అదే కావ్యంలో తిన్నని కథలో ఈ విషయాన్నే మనుషుల మధ్యకు తెచ్చాడు. రెండు కథలనూ విడివిడిగా బోధించడం వల్ల వాటి మధ్య ఉన్న బంధుత్వం మనకు కనబడలేదు. నిర్మాణం ఒకటే: ఒక లింగం, ఇద్దరు అర్చకులు, వేర్వేరు వేళలు. బోయ యువకుడు మాంసం తెచ్చి పెడతాడు, పుక్కిట నీళ్ళతో అభిషేకం చేస్తాడు. అర్చకుడు వచ్చి ఎంగిలి మాంసాన్ని చూసి కుమిలిపోతాడు, శుభ్రం చేసి తన విధి ప్రకారం పూజిస్తాడు. మళ్ళీ బోయవాడు వచ్చి ఆ ఆకులను తీసేస్తాడు. పాము, ఏనుగుల మధ్య జరిగినదే జరుగుతోంది. అదే ముగింపుకు పోవలసిన కథ. కానీ పోలేదు. ఎందుకు పోలేదన్నదే విమర్శ అడగవలసిన ప్రశ్న.

తిన్నని కథను మన విమర్శ ముఖ్యంగా రెండు విధాల చదివింది. భక్తి ముందు ఆచారం ఓడిపోయిందన్నది ఒకటి. దిగువ కులంవాడి భక్తిని గుడి ఒప్పుకోవలసి వచ్చిందన్నది మరొకటి. రెండూ సబబే. కానీ రెండూ ఇది అడవిలో జరిగిందన్న సంగతిని నేపథ్యంగానే తీసుకుంటాయి. అడవిని ముందుకు తెస్తే మూడు ఘట్టాలు కొత్తగా కనిపిస్తాయి.

మొదటిది తిన్నడు లింగాన్ని చూసిన వెంటనే అనే మాటలు. పులులూ సింహాలూ తిరిగే ఈ అడవిలో నువ్వొక్కడివే ఎందుకున్నావు, తిండి ఎవరు పెడతారు, మా ఉడుమూరికి రా, తేనె ఉంది, మాంసం ఉంది, పండ్లున్నాయి అని బతిమాలతాడు. ముద్దుగా ఉంటుంది కనుక పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. నిజానికి ఇదొక పునరావాస ప్రతిపాదన. అడవిలో ఉన్నవాణ్ణి అడవి ప్రమాదమని చెప్పి ఊరికి తరలించబోవడం. విచిత్రమేమిటంటే ఆ ప్రతిపాదన చేస్తున్నవాడు అడవినే బతుకుగా ఎరిగిన బోయ. అడవిని తెలిసినవాడు కనుకే దాని భయం అతనికి తెలుసు. అడవిని ఎరగనివాళ్ళే దాన్ని ప్రశాంతవనమని వర్ణిస్తారు. లింగం కదలదు. అప్పుడు తిన్నడు చేసినదేమిటి? దాన్ని తరలించే ఆలోచన మానుకొని తాను అక్కడే ఉండిపోయాడు. తనవారు వచ్చి పిలిచినా పోలేదు. కాపుదల అంటే తన చోటికి తెచ్చుకోవడం కాదు, అవతలివాడి చోట ఉండడం అని ఇక్కడ కథ నిర్ణయిస్తుంది.

రెండవది అర్చకుడి విషయం. శివుడు అతనికి తీర్పు చెప్పడు. నువ్వు తప్పు, బోయవాడు ఒప్పు అనడు. చాటున ఉండి చూడమంటాడు. పాము కూడా చాటున ఉంది కదా అని అడగవచ్చు. ఉంది, కానీ పట్టుకోవడానికి ఉంది. అర్చకుడు చూడడానికి ఉన్నాడు. రెండు కథల మధ్య తేడా అంతా ఈ ఒక్క క్రియలో ఉందని నా పఠనం. చాటున నిలిచినవాడి చేతిలో ఆయుధం లేకపోవడం, పనేమీ లేకుండా కళ్ళు మాత్రమే ఉండడం వల్ల కథ చావు నుంచి తప్పుకుంది. అర్చకుడు ఇన్ని రోజులుగా చూసింది మిగిలిపోయిన మాంసం. ఇప్పుడు చూస్తున్నది దాన్ని తెచ్చిన మనిషి. గుర్తు నుంచి మనిషికి రావడానికి అతనికి ఒక పూట పట్టింది.

మూడవది కన్ను. లింగం కంటి నుంచి నెత్తురు కారినప్పుడు తిన్నడు తన కన్ను పెకలించి పెడతాడు, రెండవ కన్నుకు సిద్ధపడతాడు. దీన్ని త్యాగమని కొనియాడడంతో మన వ్యాఖ్యానం ఆగుతుంది. చాటున చూస్తున్నవాడి కన్ను, ఇస్తున్నవాడి కన్ను ఒకే దృశ్యంలో ఉన్నాయని గమనిస్తే ధూర్జటి కూర్పు అర్థమవుతుంది. చూడడం నేర్చుకున్న ఒకడి ఎదుట చూపునే ఇచ్చివేస్తున్న మరొకడు. అడవి కాపలాకు మూల్యం చెల్లిస్తున్నది ఎవరన్న ప్రశ్నకు జవాబు ఆ రాతి ముందు నెత్తురు రూపంలో ఉంది. ఆ మూల్యం ఎప్పుడూ ఆచారం తెలిసినవాడు చెల్లించడు.

ఈ సామ్యాన్ని ఎంతవరకు లాగవచ్చు? ఒక హద్దు ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. కావ్యంలో ఇద్దరికీ పైన ఒక దేవుడున్నాడు. అర్చకుణ్ణి చాటున నిలబెట్టే అధికారం అతనిది. కౌండిన్య అడవిలో అలాంటి మధ్యవర్తి లేడు. గ్రామసభ ఉంది, కలెక్టరు కార్యాలయం ఉంది, కోర్టు ఉంది. వాటిలో ఏదీ అధికారిని రాత్రంతా మంచె మీద కూర్చుని చూడమని చెప్పదు. అయినా కావ్యం ఇచ్చే ప్రమాణం పనికిమాలినది కాదు. తగవులో ఉన్న పక్షం ఒకటి అవతలి పక్షపు కాపలాను కళ్ళారా చూసిందా లేదా అన్నది ఏ రచనకైనా, ఏ నివేదికకైనా వేయదగిన ప్రశ్న.

కేశవరెడ్డి: కాచేవాడే శత్రువైనప్పుడు

ఏనుగులు ఈ జిల్లాకు తిరిగి వచ్చిన 1980ల దశకంలోనే ఇదే జిల్లా నుంచి ‘అతడు అడవిని జయించాడు’ వచ్చింది. కాకతాళీయమే, కానీ గుర్తుపెట్టుకోదగిన కాకతాళీయం. రచయిత కేశవరెడ్డి (1946–2015) తలపులపల్లెలో పుట్టారు. వృత్తిరీత్యా వైద్యులు, నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు వైద్యం చేశారు. నవలలో కథ కొద్ది గంటలది. పందుల కాపరి అయిన ఒక ముసలివాడు, మందలో తప్పిపోయిన చూలు పందిని వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. అది ఈని ఉంటుంది. పిల్లలను నక్కల నుంచి కాపాడాలని అతని తపన. తల్లి పంది మాత్రం అతన్ని దగ్గరకు రానివ్వదు.

ఈ నవలను హెమింగ్వే ‘ముసలివాడు, సముద్రం’ కథతో పోల్చడం ఆనవాయితీ అయింది. పోలిక పైకి బాగానే ఉంటుంది: ఒంటరి వృద్ధుడు, ఓడినా తలవంచని మనిషి. కానీ ఈ పోలిక వల్ల నవలలోని అసలు ముడి జారిపోతుందని నా అభ్యంతరం. సముద్రంలో ముసలివాడు వేటగాడు, చేప వేట. ఇక్కడ ముసలివాడు కాపరి. పంది అతని సొంత మందలోది. నక్కలతో అతని పోరు తేలికగా అర్థమయ్యేది. వాటికీ అతనికీ మధ్య ఎలాంటి అపార్థమూ లేదు. అతన్ని నలిపివేసేది పంది చూపు. ఇన్నాళ్ళూ మేపిన జంతువు, పిల్లలు పుట్టిన క్షణం నుంచి అతన్నీ నక్కనూ ఒకే వరుసలో నిలబెడుతుంది. ఇద్దరూ ఆ పిల్లలను కాస్తున్నారు, ఇద్దరికీ నక్కే శత్రువు, అయినా ఒకరి కాపలాను మరొకరు దాడిగానే చూస్తారు. ధూర్జటి పాము, ఏనుగుల కథ ఇక్కడ మళ్ళీ ప్రాణం పోసుకుంది. తేడా ఏమిటంటే ముసలివాడికి అవతలి పక్షం ఎందుకలా చేస్తున్నదో తెలుసు. తెలిసినా ఉపయోగం లేదు. తెలుసుకోవడం ఒక్క వైపే జరిగితే తగవు తీరదన్నది కేశవరెడ్డి ధూర్జటికి చేర్చిన చేదు సవరణ.

అందుకే శీర్షికలోని ‘జయించాడు’ అన్న క్రియను మాటగా మాట తీసుకోకూడదు. నవలంతా చదివినవారికి ఆ క్రియ కింద నేల ఎంత గుల్లగా ఉందో తెలుస్తుంది.

ఒక లోటు కూడా చెప్పాలి. ఈ నవలలోని అడవికి యజమాని లేడు. గార్డు లేడు, గీత లేదు, అనుమతి చీటీ లేదు. 1980ల నాటి చిత్తూరు జిల్లాలో పందుల కాపరికి అడవిలోకి పోవడమంటే నక్కల మాట ఒక్కటే కాదు, శాఖ మాట కూడా. రచయిత దాన్ని కావాలనే తీసివేసి ఉంటారు. కథకు పురాణపు సాంద్రత అలాగే వచ్చింది. కానీ ఆ ఖాళీ వల్లనే ‘మనిషి–ప్రకృతి’ అన్న ముద్ర దాని మీద అంత సులువుగా పడింది.

కొండపొలం: గీతకు రెండు వైపులా ఒకే మనిషి

ఆ ఖాళీలోకి వచ్చిన నవల ‘కొండపొలం’. 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది. 2021లో సినిమాగా వచ్చింది. కరువులో గొర్రెలను నల్లమల అడవిలోకి తోలుకుపోవడాన్ని కడప సీమలో కొండపొలం అంటారు. చదువుకున్నా ఉద్యోగం దొరకని రవి, తండ్రితోను ఊరి కాపరులతోను కలిసి కొండపొలం పోతాడు. పులిని ఎదుర్కోవడం, భయం పోగొట్టుకోవడం నవల ప్రధాన కథనం. సమీక్షలు ఎక్కువగా దాని మీదే నిలిచాయి. వ్యక్తిత్వ వికాస నవలగా దీన్ని మెచ్చుకోవడం నాకు కొంచెం చికాకు కలిగిస్తుంది. అడవిలో గొర్రె ఎంత మేస్తుంది, ఏ ఆకు తింటే జబ్బు చేస్తుంది, రాత్రి మందను ఎలా పడుకోబెట్టాలి అన్న కాపరి విద్య మీదే ఈ నవల నిలబడింది. ధైర్యం ఆ విద్యతో పాటు వచ్చింది, ధైర్యాన్ని విడిగా ఎవరూ నేర్పలేదు.

ఈ వ్యాసానికి కావలసిన అంశం రవి చివరకు అటవీ శాఖ ఉద్యోగంలోకి పోవడం. తెలుగు నవలలో బహుశా మొదటిసారి, అడవిని వాడుకున్న మనిషే అడవిని నిర్వహించే మనిషి అవుతాడు. ధూర్జటి అర్చకుడు చాటు నుంచి చూసి తెలుసుకున్నదాన్ని రవి గొర్రెల వెంట నడిచి తెలుసుకున్నాడు. కానీ నవల అక్కడితో ఆగుతుంది. మరుసటి కరువు వస్తుంది. కాపరులు మళ్ళీ మందలు తోలుకొని వస్తారు. ఈసారి అనుమతి ఇవ్వవలసిన కుర్చీలో రవి ఉంటాడు. తండ్రి వయసు మనిషి వచ్చి ఎదుట నిలబడితే ఏ మాటతో పలకరిస్తాడు, పులుల సంరక్షణ నియమాలు చెప్పి వెనక్కి పంపుతాడా, కళ్ళు మూసుకుంటాడా? కథ నిజంగా మొదలు కావలసింది ఆ గదిలో. ఉద్యోగాన్ని పరిష్కారంగా చూపి నవల ఆ గది తలుపు దగ్గరే మనల్ని వదిలేసింది.

కుప్పంలో ఆ గది కన్నా ఇరుకైన చోటు ఒకటుంది. ఏనుగుల కదలికలు కనిపెట్టడానికి శాఖ పెట్టుకునే ట్రాకర్లు అంచు గ్రామాల యువకులే. పగలు వాళ్ళకూ రాగి చేలున్నాయి, రాత్రి చేతిలో టార్చి, నోట్లో ఈల. మంద వాళ్ళ ఊరి వైపు తిరిగితే సిబ్బందిగా సమాచారం పంపాలి, ఊరివాడిగా డప్పు అందుకోవాలి. పంట పోయిన అన్న, ‘నువ్వు అటువైపు వాడివి కదరా’ అంటే ఏం చెప్పాలి? 2025 మేలో కర్ణాటక ప్రభుత్వం మన రాష్ట్రానికి నాలుగు కుంకీ ఏనుగులను ఇచ్చింది. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం ఏర్పడింది. ఒకప్పుడు తానూ అడవిలో తిరిగి, ఇప్పుడు మనిషి మాట విని, అడవి ఏనుగును వెనక్కి మళ్ళించే కుంకీ కూడా ఆ ట్రాకరు లాంటిదే. రెండు భాషలు వచ్చి, రెండు వైపులా అనుమానానికి గురయ్యే దుబాసీ.

తెలుగు, తమిళం, కన్నడం ఒకే వాక్యంలో కలిసిపోయే కుప్పం పలుకులో ఆ ట్రాకరు తన రాత్రిని తానే చెప్పుకొన్న నవల ఒకటి రావాలి. నా చదువులో అది ఇంతవరకు ఎదురుపడలేదు. వచ్చిన రోజున దాన్ని మనిషి–ఏనుగు సంఘర్షణ నవల అని వర్గీకరించి గ్రంథాలయంలో పెట్టేముందు, అందులో ఎవరు ఎవరి కాపలాను చూశారో ముందుగా వెతకవలసి ఉంటుంది.